కుమిలి నుంచి కాశీకి: త్రైలింగ స్వామి కథ, మా ఇంటి పరమాన్నం గిన్నె

 

ఈ వారం వీడియోలో త్రైలింగ స్వామి గురించి చెప్పగలిగినంత చెప్పాను. కానీ అసలు నేను ఆయన కథ దగ్గరకి ఎందుకు వెళ్లానో కెమెరా ముందు చెప్పలేకపోయాను. ఇక్కడ రాస్తున్నాను. నిజం చెప్పాలంటే భక్తితో వెళ్లలేదండీ. మా అమ్మతో గొడవలో గెలవడానికి ఒక పెద్దాయన సాక్ష్యం కావాలి, అందుకని వెళ్లాను.

మాది గాజువాక. నాన్న స్టీల్ ప్లాంట్‌లో షిఫ్ట్ డ్యూటీ. సి షిఫ్ట్ చేసి పొద్దున్నే ఇంటికొచ్చే మనిషికి అమ్మ పెట్టే మొదటి ముద్ద పెరుగన్నం. మా ఇంట్లో ప్రేమ అంటే పెరుగే. జ్వరమొస్తే మజ్జిగ, పరీక్షకి వెళ్తుంటే చెంచాడు పెరుగు పంచదార, పండగైతే నెయ్యి కారే పరమాన్నం. అలాంటి ఇంట్లో నేను ఒకరోజు పాలు, పెరుగు, నెయ్యి అన్నీ మానేస్తున్నానని ప్రకటించేశాను.

కోడెదూడ దగ్గర మొదలైంది

సింహాచలం వెళ్లినప్పుడు అప్పన్నకి మొక్కుగా ఇచ్చే కోడెదూడల్ని మీరూ చూసే ఉంటారు. చిన్నప్పటి నుంచి చూస్తున్నదే. ఒకసారి మాత్రం ఒక ప్రశ్న బుర్రలో ఉండిపోయింది. పెయ్యదూడ పెరిగితే పాలిస్తుంది. మరి కోడె? ఒకప్పుడు అరక దున్నేది, బండి లాగేది. ఇప్పుడు ట్రాక్టర్లొచ్చేశాయి. పాలివ్వని, పొలానికి పనికిరాని ఆ ప్రాణిని పేద రైతు ఎన్నాళ్లని మేపగలడు? ఆవు ఈనితేనే పాలు. ఈనిన ప్రతిసారీ పెయ్యే పుట్టదు కదా. నా కప్పులో కాఫీకీ ఆ కోడెకీ ఏదో లెక్క ఉందని ఆ రోజు మొదటిసారి అనిపించింది.

అదే సమయంలో యోగా కూడా మొదలైంది. 2025 జూన్ 21న అంతర్జాతీయ యోగా దినోత్సవం మన విశాఖలోనే జరిగింది గుర్తుందా? ప్రధాని వచ్చారు. ఆర్కే బీచ్ నుంచి భోగాపురం వైపు సముద్రం పక్కనే మైళ్ల కొద్దీ మ్యాట్‌లు పరిచారు. తెల్లారకముందే వెళ్లి కూర్చున్న లక్షల మందిలో నేనూ ఒకణ్ణి. ఆ రోజు తర్వాత రోజూ చేయాలనిపించి పతంజలి యోగం గురించి చదవడం మొదలుపెట్టాను. అప్పుడు తెలిసింది, ఎనిమిది అంగాల్లో ఆసనం మూడోది మాత్రమేనని. మొదటిది యమం. ఆ యమాల్లో మొట్టమొదటిది అహింస. అంటే మ్యాట్ పరచకముందే మొదలవ్వాల్సిన యోగం ఒకటుంది.

ఇక్కడిదాకా బాగానే ఉంది. తప్పు ఆ తర్వాత చేశాను.

పరమాన్నం గిన్నె

కార్తీక సోమవారం. అమ్మ పొద్దుటి నుంచి మంచినీళ్లు తప్ప ఏమీ ముట్టుకోలేదు. సాయంత్రం నక్షత్రం చూసి, దీపం పెట్టి, శివుడికి పరమాన్నం నైవేద్యం పెట్టి, ఆ గిన్నె ముందు నా చేతికే ఇచ్చింది. తను ఇంకా తినలేదు. నేను గిన్నె పక్కకి తోసేసి దూడల గురించి, డెయిరీల గురించి, హింస గురించి పది నిమిషాలు ఉపన్యాసం ఇచ్చాను. అహింస గురించే, ఎంత కటువుగా చెప్పానో! అమ్మ ఒక్క మాట కూడా అనలేదు. గిన్నె తీసుకుని వంటగదిలోకి వెళ్లిపోయింది. ఆ రాత్రి తనేమైనా తిన్నదో లేదో నాకు ఈ రోజుకీ తెలీదు.

మర్నాడు కూడా నాదే కరెక్ట్ అనుకున్నాను. మన వైపు పుట్టిన ఒక మహాయోగి ఉన్నాడు, కాశీలో నడిచే శివుడని పేరు తెచ్చుకున్నాడు, ఆయన ఆహార నియమం ఏమిటో చూపిస్తే అమ్మ ఒప్పుకుని తీరుతుందని త్రైలింగ స్వామి కథ వెతకడం మొదలుపెట్టాను.

మనూరి శివరాముడు

విశాఖ నుంచి శ్రీకాకుళం వెళ్లే హైవే మీద తగరపువలస దాటాక భోగాపురం, అది దాటితే పూసపాటిరేగ. ఆ మండలంలోదే కుమిలి. విజయనగరం కోట 1713లో కట్టకముందు పూసపాటి రాజులు ఉన్నది ఇక్కడే. 1979లో విజయనగరం జిల్లా ఏర్పడేదాకా ఇదంతా మన విశాఖ జిల్లాయే. యోగా రోజున మ్యాట్‌లు పరిచిన దారి పట్టుకుని ఇంకొంచెం ముందుకెళ్తే ఒక యోగి పుట్టిన ఊరు వస్తుందని ఆ రోజు మనలో ఎంతమందికి తెలుసు? నాకైతే తెలీదు.

తండ్రి నరసింహారావు, తల్లి విద్యావతి. ఇద్దరూ శివభక్తులు. బిడ్డకి శివరాముడని పేరు పెట్టారు. పుట్టిన సంవత్సరం 1607 అని ఎక్కువమంది చెప్పుకుంటారు. ఇంకా ముందే పుట్టారనే వాళ్లూ ఉన్నారు. ఆ లెక్కన ఆయన రెండు వందల ఎనభై ఏళ్లు బతికారు. దీన్ని నమ్మాలా వద్దా అనే వాదన నేను పెట్టుకోను. భక్తుల సంప్రదాయం అలా చెబుతోంది, అలాగే మీకు చెబుతున్నాను. ఆయన కాశీలో ఉన్నదీ, 1887లో వెళ్లిపోయిందీ మాత్రం ఆ ఊరు కళ్లారా చూసింది.

ఆస్తి ఉన్న కుటుంబమే. కానీ శివరాముడికి ఆస్తి మీదా పెళ్లి మీదా మనసు లేదు. నలభై ఏళ్ల వయసులో తండ్రి పోయారు. తన వాటాని సవతి తమ్ముడు శ్రీధరుడికి ఇచ్చేశాడు. ఇక్కడ మనలాంటి వాళ్లం ఏం ఊహిస్తాం? ఇల్లు వదిలి హిమాలయాలకి వెళ్లిపోయి ఉంటాడనే కదా. వెళ్లలేదు. అమ్మ దగ్గరే ఉన్నాడు.

ఆయనకి మొదటి గురువు ఎవరో తెలుసా? అమ్మే. విద్యావతి తండ్రికి కాళీ ఉపాసన మీద ఎంతో ఇష్టమట. అది పూర్తి కాకుండానే పోతూ, నీ కడుపున పుట్టి మిగిలింది పూర్తి చేస్తానని కూతురికి చెప్పాడట. ఆ తాతే ఈ కొడుకని ఆవిడ నమ్మకం. అందుకే తనే కొడుక్కి కాళీ మంత్రం ఉపదేశించింది. శివరాముడు దగ్గర్లో ఉన్న గుడుల్లో సాధన చేసుకుంటూ అమ్మకి అందుబాటులోనే ఉండిపోయాడు. ఏదో ఒకటి రెండేళ్లు కాదు. ఆవిడ కన్నుమూసేదాకా. 1669లో ఆవిడ పోయిందని సంప్రదాయం చెప్పే లెక్క. అంటే తండ్రి పోయాక ఇరవై రెండేళ్లు.

అమ్మ పోయాక కూడా ఆయన దూరం వెళ్లలేదు. ఆవిడ చితాభస్మం దాచుకుని, అదే ఒంటికి రాసుకుని, శ్మశానం పక్కనే సాధన చేశాడు. ఆస్తి పుచ్చుకున్న తమ్ముడు అన్నని మర్చిపోలేదు. ఆయన ఉండటానికి అక్కడే ఒక కుటీరం కట్టించాడు.

ఇది చదివిన రాత్రి ల్యాప్‌టాప్ మూసేశాను. నేను వెతికింది డైట్ చార్ట్ కోసం. నాకు దొరికింది అమ్మ మంత్రం తీసుకుని, ఆవిడ బతికున్నంత కాలం గడప దాటని కొడుకు.

కాశీలో తెలుగు స్వామి

ఆ తర్వాత పంజాబ్ నుంచి వచ్చిన భగీరథానంద సరస్వతి అనే గురువు కలిశారు. ఆయన వెంట తీర్థాలు తిరిగి, సన్యాసం తీసుకుని, గణపతి సరస్వతి అయ్యారు. ఎన్నో క్షేత్రాలు చూసి, ప్రయాగ మీదుగా చివరికి కాశీ చేరారు. 1737లో వచ్చారని అంటారు. అస్సీ ఘాట్, హనుమాన్ ఘాట్, దశాశ్వమేధ ఘాట్, చివరికి పంచగంగా ఘాట్. గంగ ఒడ్డే ఆయన ఇల్లు. తెలుగు దేశం నుంచి వచ్చిన స్వామి కాబట్టి అక్కడి జనం తైలంగ్ స్వామి అన్నారు. అలా మన భాష పేరే ఆయన పేరైంది. పెట్టుకున్న పేరు గణపతి సరస్వతిని ఇప్పుడెవరూ తలుచుకోరు.

ఒంటి మీద గుడ్డ ఉండేది కాదు. ఎక్కువ కాలం మౌనం. భారీ మనిషి, దాదాపు 140 కిలోలు ఉండేవారని చెబుతారు. విచిత్రం ఏమిటంటే ఆయన తినడం చాలా అరుదట. తిండి కోసం అడగడం లేదు, వెతకడం లేదు. ఎవరైనా తెచ్చి పెడితే తింటారు, లేకపోతే లేదు. కొండచిలువలా కదలకుండా, దొరికిన దానితో సరిపెట్టుకోవడాన్ని మన పెద్దలు అజగర వృత్తి అన్నారు. వేసవి మధ్యాహ్నం కాలు పెట్టలేని ఇసుక మీద హాయిగా పడుకునేవారు. మే నెలలో మన రుషికొండ బీచ్‌లో చెప్పుల్లేకుండా పది అడుగులు వేసి చూడండి, అదెంత మాటో తెలుస్తుంది.

దిగంబరంగా తిరుగుతున్నారని పోలీసులు పట్టుకెళ్లి గదిలో పెట్టి తాళం వేస్తే, కాసేపటికి జైలు పైకప్పు మీద తిరుగుతూ కనిపించారనే కథ మీరు వినే ఉంటారు. పరమహంస యోగానంద 1946లో వచ్చిన తన ఆత్మకథలో ఈ సంగతులు రాశాక ప్రపంచమంతా ఆయన గురించి తెలిసింది. అంతకు ముందే శిష్యుడు ఉమాచరణ్ ముఖోపాధ్యాయ బెంగాలీలో ఆయన జీవితం రాశారు. మన పక్కింటి మహానుభావుడి గురించి మనకంటే ముందు బెంగాలీ వాళ్లు తెలుసుకున్నారన్నమాట.

సున్నం బకెట్

అన్నిటికంటే నన్ను కుదిపిన కథ ఇదే.

ఆయనంటే నమ్మకం లేని ఒకడు పరీక్ష పెడదామనుకున్నాడు. గోడలకి వేసే సున్నం బకెట్ నిండా కలిపి, గడ్డపెరుగని చెప్పి, ఎంతో భక్తి ఉన్నట్టు ఆయన ముందు పెట్టాడు. స్వామి ఆ బకెట్ ఎత్తి మొత్తం తాగేశారు. కొద్దిసేపటికి గిలగిలా కొట్టుకుంది స్వామి కాదు, తెచ్చినవాడు. కడుపు కాలిపోతోందని నేల మీద పొర్లుతూ కాపాడమని ఏడ్చాడు. అప్పుడు స్వామి మౌనం వదిలి మాట్లాడారట. నీ ప్రాణం, నా ప్రాణం ఒకటేనని నీకు తెలియలేదు, నాలో ఉన్నవాడే అణువణువులోనూ ఉన్నాడని నాకు తెలుసు కాబట్టి బతికాను, ఇంకెప్పుడూ ఇంకొకరికి ఇలా చేయకు అనే అర్థం వచ్చేలా చెప్పి, వాడి బాధ తీర్చి పంపించారు.

చిన్నప్పుడు విని ఉంటే దీన్ని ఒక మహిమగా వినేవాణ్ణి. ఇప్పుడు వేరేలా వినిపించింది. అహింసకి ఇంతకంటే స్పష్టమైన పాఠం నాకు ఎక్కడా దొరకలేదు. ఇంకొకరికి పెట్టిన బాధ ఇంకొకరి దగ్గరే ఆగిపోదు, ఎందుకంటే అసలు ఇంకొకరు లేరు. కోడెదూడ విషయంలో నాకు అనిపించింది ఇదే. సంబరంగా కుర్చీలోంచి లేచాను, నా సాక్షి దొరికేశాడని.

ఆ వెంటనే ఇంకో ఆలోచన వచ్చింది. పెరుగని చెప్పి సున్నం పెట్టినవాడు ఒకడు. అహింస అని పేరు పెట్టి అమ్మ చేతిలో సున్నం పోసినవాణ్ణి నేను. మరి ఆ మంట నాకు తగలలేదా? తగిలింది. కార్తీక సోమవారం రాత్రి నుంచి నాకు నిద్ర సరిగ్గా పట్టనిది అందుకే.

రామకృష్ణులు పెట్టిన పాయసం

నా వాదన పూర్తిగా కూలిపోయింది మాత్రం ఇక్కడ. 1868లో శ్రీరామకృష్ణ పరమహంస కాశీ యాత్రకి వచ్చినప్పుడు త్రైలింగ స్వామిని చూశారు. ఆ శరీరంలో సాక్షాత్తు విశ్వనాథుడే ఉన్నాడని అనిపించిందట ఆయనకి. దేవుడు ఒక్కడా, చాలామందా అని సైగలతో అడిగారు. స్వామి మౌనంలో ఉన్నారు కాబట్టి ఆయనా సైగలతోనే జవాబిచ్చారు. సమాధిలో ఉన్నప్పుడు ఒక్కడే, నేను, నువ్వు, లోకం అనే తేడా ఉన్నంతసేపు చాలామంది అని. ఇంకోరోజు రామకృష్ణులు పెద్ద మొత్తంలో పాయసం చేయించి తీసుకెళ్లి, తన చేత్తో స్వామికి తినిపించారు.

పాయసం. పాలతో చేసింది. స్వామి తిన్నారు.

నేను వీగన్ సాక్షి కోసం వెళ్తే ఆయన నా ముందే పరమాన్నం తినేశారు! కాసేపు నాకు కోపమే వచ్చింది. తర్వాత నవ్వొచ్చింది. ఈ ముక్క వీడియోలో చెప్పకుండా వదిలేస్తే ఎవరికీ తెలిసేది కాదు. కానీ అది కూడా పెరుగని చెప్పి సున్నం పెట్టడమే అవుతుంది. కాబట్టి సూటిగా చెబుతున్నాను. త్రైలింగ స్వామి వీగన్ కాదు. ఆ మాటే ఆ కాలంలో లేదు. ఆయన నియమం ఏం తినాలన్నది కాదు, అడగకూడదు, పెట్టిన చేతిని కాదనకూడదు అన్నది.

అయితే పాలు మానడం తప్పా? నేనలా అనుకోవడం లేదు. ఆయన కాలంలో ఆవు పెరట్లో ఉండేది, కోడె పొలంలో ఉండేది. ఈ రోజు పాలు ప్యాకెట్‌లో వస్తున్నాయి, కోడెకి చోటు లేదు. పరిస్థితి మారినప్పుడు అహింస అనే పాత ధర్మానికి కొత్త ఆచరణ వెతకడం మన పనే. ఆ నిర్ణయం నాది. దాని బరువు నేనే మోయాలి. ఆయన పేరు చెప్పి అమ్మ నెత్తిన పెట్టకూడదు.

జలసమాధి

1887 డిసెంబర్ 26, సోమవారం సాయంత్రం స్వామి శరీరం వదిలారు. దశనామీ సన్యాసుల ఆచారం ప్రకారం ఆ దేహాన్ని పెట్టెలో ఉంచి గంగలో జలసమాధి చేశారు. ఘాట్‌ల మీద జనం నిలబడి ఏడ్చారట. పంచగంగా ఘాట్ దగ్గర ఆయన మఠం ఇప్పటికీ ఉంది. కాశీ వెళ్తే విశ్వనాథుడి దర్శనం అయ్యాక అక్కడికీ వెళ్లండి. కుమిలి నుంచి వెళ్లిన శివరాముడు అక్కడ ఉన్నాడు. మనవాడు.

ఇప్పుడు మా ఇంట్లో

అమ్మకి క్షమాపణ చెప్పడానికి నాకు నాలుగు రోజులు పట్టింది. వాదన లేకుండా చెప్పడం ఎంత కష్టమో! తర్వాత ఒక ఆదివారం, తనతో పాటు వంటగదిలో నిలబడి కొబ్బరి తురిమాను. చిక్కటి కొబ్బరిపాలు, బియ్యం, కొంచెం పెసరపప్పు, బెల్లం, యాలకులు. పొయ్యి దింపాకే కొబ్బరిపాలు పోయాలని, ముందే పోస్తే విరిగిపోతాయని చెప్పింది అమ్మే. నైవేద్యం పెట్టాక మొదటి గిన్నె నేను తనకిచ్చాను. బాగానే ఉంది గానీ పాలతో చేసినంత రుచి లేదని తేల్చేసింది. రెండోసారి మాత్రం వేయించుకుంది.

తను ఇంకా పెరుగు తింటుంది, నాన్నకీ పెడుతుంది. నేను ఏమీ అనను. నాకు మాత్రం పొద్దున్నే చోడి అంబలి కాచి ఇస్తుంది, మజ్జిగ కలపకుండా, ఉల్లిపాయ ముక్కతో. నువ్వులపొడి డబ్బా ఎప్పుడూ నిండుగా ఉంటుంది. మొక్కల ఆహారంలో బి12 దొరకదని తెలిసి, నన్ను డాక్టర్ దగ్గరికి పంపించిందీ తనే. పాలు మానాలనుకునే మీరూ ఆ పని ముందు చేయండి. ఉత్సాహంతో ఒంటిని పాడుచేసుకోవడం కూడా హింసే.

యోగా విషయానికొస్తే, రోజూ ఐదున్నరకి లేచి ఆరు సూర్యనమస్కారాలు, పది నిమిషాలు కదలకుండా కూర్చోవడం. అంతే. చాలా రోజులు ఆ పది నిమిషాల్లో ఆఫీసు మెయిల్సే కనిపిస్తాయి. నాన్న సి షిఫ్ట్ నుంచి వచ్చి, చప్పుడు కాకుండా చెప్పులు విప్పి, నా పక్కనుంచి నడిచి వెళ్లడం మాత్రం వినిపిస్తుంది. మొన్న ఒకరోజు ఆ అడుగులు ఆగాయి. కళ్లు తెరిచి చూస్తే ఆయనా పక్కన కూర్చుని ఉన్నారు.

మీలో ఎంతమంది ఏదో ఒక మంచి మార్పు మొదలుపెట్టి ఇంట్లో గొడవ పడుతున్నారో నాకు తెలుసు. ఉపవాసం కావచ్చు, జపం కావచ్చు, తిండి కావచ్చు. ఈ సోమవారం ఒక్కటి చేసి చూడండి. మీ నియమం మీరు ఉంచుకోండి, కానీ దాన్ని ఇంట్లో వాళ్లకి చెప్పే గొంతు ఒక్కసారి మీరే వినండి. శివుడికి చెంబుడు నీళ్లు, ఒక మారేడు దళం చాలు. అమ్మకి అంతకంటే తక్కువ చాలు.

కుమిలి శివరాముడి ఆశీస్సులు మనందరికీ ఉండాలని కోరుకుంటూ, వచ్చే వారం మళ్లీ కలుద్దాం.

హర హర మహాదేవ.